హెడ్‌లైట్ మసకబారితే ఎల్‌ఈడీ బల్బా, అద్దం రుద్దుడా?

నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద రాత్రిపూట వడ్ల ట్రాక్టర్లు చాలావాటికి వెనక లైటే ఉండదు. నా పాత కారు లైట్లేమో మసక. ముందు ఎల్‌ఈడీ బల్బులు వేశాను. పది నిమిషాల పని, తెల్లటి వెలుగు. కానీ పాత రకం హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనకుండే మెరిసే గిన్నె) ఆ వెలుగు చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. డిప్ వేసినా తిట్లే!

అవి పీకేసి, పసుపెక్కిన ప్లాస్టిక్ అద్దాన్నే పట్టుకున్నాను. చుట్టూ టేపు అంటించి, నీళ్లు చల్లుతూ 800, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) వరసగా రుద్దాలి. మొదట పాలు పోసినట్టు తెల్లబడుతుంది, టెన్షన్ పడొద్దు. పాలిష్ పెడితే తేటపడుతుంది. పైన ఎండను ఆపే యూవీ క్లియర్ కోటు కొట్టకపోతే మన ఎండలకు మళ్లీ పసుపే. టూత్‌పేస్ట్‌తో అద్దం రుద్దే చిట్కా నాలుగు రోజుల ముచ్చట.

చేతులు గుంజాయి గానీ నా ఓటు దీనికే. లోపల మామూలు 60/55 వాట్ల హెచ్4 హాలోజన్ బల్బే, గాజుకు వేలు తగలకుండా బిగించాను.