పెట్ క్లినిక్‌కి గూగుల్ మ్యాప్ ప్రొఫైలా, సొంత వెబ్‌సైటా: ఏది మేలు?

మా అన్నయ్య గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదివి విజయవాడలో చిన్న పెట్ క్లినిక్ పెట్టుకున్నాడు. లోపల వైద్యం అన్నయ్యది, కట్లు కట్టడం, సెలైన్ ఎక్కించడం కాంపౌండర్‌ది, బయట కౌంటర్ నాది. ఫోన్లు ఎత్తడం, టోకెన్లు రాయడం, టీకా తేదీలు గుర్తుచేయడంతో పాటు ఆన్‌లైన్ పనులు కూడా నేనే చూస్తాను. అందుకే కొత్తగా క్లినిక్ తెరిచిన అన్నయ్య స్నేహితులు నాకే ఫోన్ చేసి అడుగుతుంటారు: "చెల్లెమ్మా, వెబ్‌సైట్ చేయించమంటావా? గూగుల్ మ్యాప్‌లో పెడితే సరిపోతుందా?"

రెండింటి మీదా మేం డబ్బూ సమయమూ పెట్టాం, రెండింటిలోనూ తప్పులు చేశాం. మామూలు పెట్ క్లినిక్ అయితే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్‌లో మన పేరు, నంబర్, వేళలు, రివ్యూలు చూపేది), తర్వాత చిన్న వెబ్‌సైట్ అని నేను చెబుతాను. ఎందుకు అలా అంటున్నానో తెలియాలంటే మన కోసం ఎవరు వెతుకుతున్నారో చూడాలి.

ఒకరు రాత్రి 9 గంటలకు వెతుకుతారు. కుక్క ఎలుకల మందు తినేసింది, లేదా పొద్దుటి నుంచి ఆగకుండా వాంతులు. చేతులు వణుకుతుంటాయి. 'డాగ్ డాక్టర్ నియర్ మీ' అని కొడతారు, లేదంటే ఫోన్‌తోనే "దగ్గర్లో కుక్కల డాక్టర్" అని చెబుతారు. స్క్రీన్ మీద మ్యాప్, దాని కింద మూడు క్లినిక్‌ల పేర్లు వస్తాయి. ఎవరు తెరిచి ఉంటే వాళ్లకి ఫోన్. ఆ మనిషి మన వెబ్‌సైట్ తెరవడు, తెరిచే తీరిక అతనికి లేదు.

ఇంకొకరు ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా వెతుకుతారు. ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చింది. మొదటి టీకా ఎప్పుడు, ఎంతవుతుంది, పిల్లికి కు.ని. ఆపరేషన్ ఏ వయసులో చేయిస్తారు, డాక్టర్ ఎలాంటివారు అని నాలుగైదు చోట్ల చదివి నిర్ణయించుకుంటారు. వీళ్లకి మ్యాప్‌లోని రెండు లైన్లు సరిపోవు, వెబ్‌సైట్ కావాలి.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు దొరకడమే క్లినిక్‌కి ముఖ్యం కనుక నేను ప్రొఫైల్‌నే ముందు పెడతాను. అది ఉచితం కూడా. మ్యాప్‌లో ఎవరిని ముందు చూపాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని గూగులే చెబుతుంది: అడిగినదానికి మనం ఎంత సరిపోతాం, ఎంత దూరంలో ఉన్నాం, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండింటి మీద పని చేయొచ్చు.

మొదట్లో మేం ఫీడ్, బెల్టులు కూడా అమ్ముతాం కదా అని మొదటి కేటగిరీగా 'పెట్ స్టోర్' పెట్టాం. దాంతో అక్వేరియం చేపల మేత ఉందా అని అడిగే ఫోన్లే ఎక్కువ వచ్చేవి. దాన్ని 'వెటర్నేరియన్'కి మార్చి, స్టోర్‌ను రెండో కేటగిరీగా పెట్టాక జబ్బు చేసిన జంతువుల కోసం వచ్చే ఫోన్లు పెరిగాయి. ఇంత చిన్న మార్పు కోసం మేం ఏడాది ఆలస్యం చేశామని ఇప్పటికీ బాధగా ఉంటుంది. పేరు మాత్రం బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. పేరు చివర 'బెస్ట్ డాగ్ డాక్టర్ ఇన్ విజయవాడ' అని తగిలించమని చాలామంది సలహా ఇస్తారు. అది గూగుల్ నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే ఆపేసే ప్రమాదం ఉంది.

వేళలు సరిగ్గా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మా వీధికి నీళ్లు రాలేదు. ముంపు నుంచి కుక్కల్ని, పిల్లుల్ని ఎత్తుకుని బయటపడ్డవాళ్లు "తెరిచి ఉన్నారా?" అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ప్రొఫైల్‌లో ప్రత్యేక వేళలు మార్చి, రాత్రి కూడా ఉంటామని రాయడానికి నాకు ఫోన్‌లో రెండు నిమిషాలు పట్టింది. అదే మాట వెబ్‌సైట్‌లో పెట్టలేకపోయాం. దాని పాస్‌వర్డ్ చేసిచ్చినవాళ్ల దగ్గర ఉంది, వాళ్లు ఫోన్ ఎత్తలేదు. మా సైట్ మాత్రం ఆ వారమంతా 'సాయంత్రం 7 గంటలకు మూసివేయబడును' అనే చూపించింది. ఎంతమంది అది చూసి వెనక్కి తిరిగారో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక రివ్యూలు. బిల్లు కట్టేటప్పుడు "వీలైతే రెండు మాటలు రాయండి" అని ఒక్కసారి అడుగుతాను, కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టాను, అంతే. రివ్యూ రాస్తే స్నానం ఉచితం, టీకాలో తగ్గింపు లాంటివి ఇవ్వకూడదు. సంతోషంగా వెళ్లేవాళ్లను మాత్రమే ఏరి అడగడమూ తప్పే. రెండూ గూగుల్ ఒప్పుకోనివి.

ఒకసారి పార్వో అనే వైరస్ జబ్బుతో మూడు నెలల కుక్కపిల్ల చనిపోయింది. టీకా వేయించలేదు, తీసుకొచ్చేసరికే నీరసించిపోయింది. నాలుగు రోజులు సెలైన్ల మీద ఉంచాం. పోయిన మర్నాడే ఆ ఇంటివాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి "డబ్బు గుంజారు" అని రాశారు. అన్నయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. టీకా వేయించలేదన్న సంగతి రాసేయాలని నా వేళ్లు కీబోర్డు మీదికి వెళ్లాయి. రాయలేదు. వాళ్ల పిల్ల పోయింది, దాని వైద్యం వివరాలు పదిమందిలో పెట్టే హక్కు మనకి లేదు. "తనని కాపాడుకోలేకపోయినందుకు మాకూ చాలా బాధగా ఉంది. ఒకసారి క్లినిక్‌కి రండి, చేసిన ప్రతి పరీక్ష, ప్రతి మందు డాక్టర్ గారు మీతో కూర్చుని వివరిస్తారు" అని రాశాను. వాళ్లు రాలేదు, స్టార్ మారలేదు. తర్వాత వచ్చిన ఒకావిడ మాత్రం ఆ జవాబు చదివే మా దగ్గరికి వచ్చానని చెప్పారు.

ఇంత మేలు చేసే ప్రొఫైల్‌లో పెద్ద లోటు ఒకటుంది, అది మన సొంతం కాదు. అద్దె ఇల్లులాంటిది. 2021లో దాని పేరు మార్చారు. ప్రొఫైల్‌తో పాటు ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేశారు. అదే సంవత్సరం జూలై చివర, ప్రొఫైల్‌లోంచి మనతో మాట్లాడే చాట్ తీసేశారు. ఆ ఉచిత సైటే తమ వెబ్‌సైట్ అనుకుని విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించుకున్నవాళ్లకు కార్డులు మిగిలాయి కానీ సైట్ మిగల్లేదు. పైగా మన వేళలు, ఫోన్ నంబర్ తప్పని బయటివాళ్లెవరైనా సూచన పంపొచ్చు, ఒక్కోసారి అది అమల్లోకి వచ్చేస్తుంది కూడా. అందుకే వారానికోసారి తెరిచి చూసుకుంటాను.

కాబట్టి సొంత గడప ఒకటి ఉండాలి. కానీ ఎలాంటిది? మా మొదటి సైట్ చూడటానికి బాగుండేది. మంచులో పరుగెత్తే విదేశీ కుక్కలు, జరుగుతూ మారే పెద్ద పెద్ద ఫొటోలు. ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. మా నంబర్ ఫొటోలో భాగం, నొక్కితే కాల్ వెళ్లదు. అన్నయ్య ఫొటో ఎక్కడా లేదు. డొమైన్ (సైట్ పేరు, అంటే చిరునామా) కూడా చేసిచ్చినవాళ్ల పేరు మీదే ఉంది, వరదల తర్వాత అడిగితే ఇవ్వలేదు. దాంతో ఆ పేరు వదిలేసి మా పేరు మీద, మా మెయిల్‌తో కొత్తది కొనుక్కున్నాం. ఎవరితో చేయించినా సరే, డొమైన్, హోస్టింగ్ (సైట్‌ను ఉంచే చోటు), సెర్చ్ కన్సోల్ (గూగుల్‌లో మన సైట్ ఎలా కనబడుతోందో చూపేది) లాగిన్‌లు మీ మెయిల్‌లోనే ఉండాలి. దీని మీద మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా తగ్గొద్దు.

ఇప్పటి సైట్ చిన్నది. పైన నొక్కగానే కాల్ వెళ్లే నంబర్, వేళలు, మ్యాప్. కింద అన్నయ్య ఫొటో, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్. మేం చూడని వాటిని కూడా రాశాం: పక్షులకు మా దగ్గర వైద్యం లేదు, ఆవులు, గేదెల కోసం ప్రభుత్వ పశువైద్య అంబులెన్స్ నంబర్ 1962కి ఫోన్ చేయండి అని. అది రాశాక అనవసరంగా దూరం నుంచి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు తగ్గారు. టీకాలకు ఒక పేజీ, కు.ని. ఆపరేషన్‌కి ఒకటి, పళ్ల శుభ్రతకి ఒకటి. అన్నీ ఒకే పేజీలో కుక్కితే గూగుల్‌కీ అర్థం కాదు, చదివేవాళ్లకీ దొరకదు.

తెలుగు పేజీలు పెట్టాలా అన్నదానికి నేను గట్టిగా అవుననే అంటాను. చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, పెద్దవాళ్లు ఫోన్‌తో తెలుగులో మాట్లాడతారు. సెర్చ్ కన్సోల్ ఉచితం, ఏ మాటలతో వెతికితే మనం కనబడ్డామో అందులో తెలుస్తుంది. మా దాంట్లో ఎండాకాలంలో 'గోమార్లు', 'పిడుదులు' కనిపించాయి. అన్నయ్య చెబుతుంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం గురించి ఒక పేజీ రాశాను: చిగుళ్లు తెల్లబడటం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం, ఎప్పుడు వెంటనే తీసుకురావాలి. దీపావళికి ముందు టపాసుల భయం మీద ఇంకొకటి. కౌంటర్ దగ్గర రోజూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నలే ఇవి. నేను నోటితో చెప్పేదాన్నే సైట్‌లో పెట్టాను.

ఫోన్‌లో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనబడితే మంచిదని గూగుల్ కొలమానం. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మన సైట్ చిరునామా వేస్తే ఎంతసేపు పడుతోందో అదే చెబుతుంది. ఫొటోల సైజు తగ్గిస్తే చాలావరకు సరిపోతుంది. సైట్ చేసేవాళ్లను 'వెటర్నరీకేర్' స్కీమా కూడా పెట్టమనండి, మనం జంతువుల వైద్యులమని సెర్చ్ ఇంజన్‌కి సూటిగా చెప్పే పద్ధతి అది. పటమట, భవానీపురం, బెంజ్ సర్కిల్ అంటూ ఊళ్లోని ప్రతి పేటకీ ఒకే విషయంతో ఒక్కో పేజీ చేసిస్తామంటే ఒప్పుకోవద్దు, దాన్ని గూగుల్ స్పామ్‌గా లెక్కేస్తుంది.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. కొత్త క్లినిక్‌కి మొదటి రెండు మూడు నెలలు పనికి రావచ్చు. డబ్బు ఆపిన రోజే ఫోన్లు ఆగుతాయి. ప్రకటన ఇచ్చే ముందు వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 1992 నాటి వృత్తి ప్రవర్తన నియమాలను డాక్టర్ స్వయంగా చదువుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ మాకు ఇప్పటికే తెలిసినవాళ్లతో పలకరింపులకి బాగుంది, రాత్రి 9 గంటలకు వెతికే మనిషికి పనికిరాదు. జస్ట్‌డయల్‌లాంటి చోట్ల పేరు, నంబర్, అడ్రస్ మూడూ ప్రొఫైల్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుని వదిలేశాను.

నా క్రమం తలకిందులయ్యే చోటు కూడా ఉంది. ఎముకల ఆపరేషన్లు, కంటి ఆపరేషన్లు లాంటివి మాత్రమే చేసే డాక్టర్ల దగ్గరికి ఏలూరు, మచిలీపట్నం, గుంటూరు నుంచి కార్లేసుకుని వస్తారు. వాళ్ల విషయంలో దూరం అడ్డం కాదు. వేరే డాక్టర్లు పంపేవాళ్లూ ఉంటారు, ఆపరేషన్ ముందు ఇంటిల్లిపాదీ చదువుతారు. అలాంటి క్లినిక్ ముందు మంచి వెబ్‌సైట్ మీదే ఖర్చు పెట్టాలి, ఆపరేషన్ ముందు ఎన్ని గంటలు తిండి పెట్టకూడదో, తర్వాత కుట్లు ఎలా చూసుకోవాలో అన్నీ వివరంగా రాయాలి.

తెనాలిలో కొత్తగా క్లినిక్ పెట్టిన అన్నయ్య స్నేహితుడు మొన్న ఇదే అడిగారు. ఆయన చూసేది కుక్కలు, పిల్లులే, వచ్చేది చుట్టుపక్కలవాళ్లే. వెబ్‌సైట్‌కి దాచిన డబ్బు రెండు నెలలు కదపొద్దన్నాను. ఇవాళ పొద్దున ఆయన వీధి, బోర్డు, తాళం తీస్తున్న తలుపు, లోపలి టేబుల్ కనబడేలా వీడియో తీసి, క్లినిక్ నిజంగా ఉందని చూపే ప్రొఫైల్ వెరిఫికేషన్‌కి గూగుల్‌కి పంపారు. వేళల దగ్గర 'రాత్రి 10 వరకు' అని పెట్టారట. నిజంగా అంతసేపు ఉంటారా అని అడిగాను, ఇల్లు పైఅంతస్తే కదమ్మా అన్నారు.