498ఏ మేలా, డీవీసీ మేలా?

కోర్టు ఆవరణలో చెట్టు కింద కూర్చున్న ఆడమనిషి వకీలును అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "కేసు పెడితే ఆయన్ని లోపలేస్తారా?" రెండో ప్రశ్న కాసేపు ఆగి, గొంతు తగ్గించి అడుగుతుంది: "మరి నేనూ పిల్లలూ ఎక్కడుండాలి?" నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో మొదటి ప్రశ్నకే హుషారుగా జవాబు చెప్పేవాణ్ణి. రెండోదే అసలు ప్రశ్న అని అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

మొదటి ప్రశ్నకు సంబంధించింది 498ఏ, భార్య పట్ల భర్తా అతని బంధువులూ చూపే క్రూరత్వాన్ని నేరంగా చేసిన సెక్షన్. 1983లో శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది కానీ, కోర్టు క్యాంటీన్‌లో ఇప్పటికీ అందరూ ఫోర్ నైంటీ ఎయిట్ ఏ అనే అంటారు. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, జరిమానా. రెండో ప్రశ్నకు సంబంధించింది 2005 నాటి గృహహింస చట్టం. 2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చింది. దాని కింద వేసే కేసును మన దగ్గర డీవీసీ అంటారు. ఒకటి జరిగినదానికి శిక్ష వేయమని అడుగుతుంది. రెండోది రేపటి నుంచి జరగకుండా ఆపమని అడుగుతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఇంట్లో జరిగేదంతా దీన్ని బట్టే మారుతుంది.

498ఏకి ఉన్న బలం వేగం. స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇస్తే చాలు, మేజిస్ట్రేట్ అనుమతి అక్కర్లేకుండా ఎఫ్‌ఐఆర్ కట్టొచ్చు. ఆమె వెళ్లలేకపోతే తల్లిదండ్రులో అన్నదమ్ములో వెళ్లినా చెల్లుతుంది. భర్త తరఫు పెద్దలు అప్పటిదాకా "ఆడపిల్లకి ఓర్పుండాలమ్మా" అన్నవాళ్లు, ఎఫ్‌ఐఆర్ నంబర్ పడగానే మాట మారుస్తారు. ఆ భయానికి విలువ లేదని నేననను.

అయితే ఆ సెక్షన్‌లో క్రూరత్వం అంటే ఏమిటో చదివితే ఒక ఇబ్బంది కనిపిస్తుంది. ఆమెను ఆత్మహత్యకు పురిగొల్పేంత, లేదా ప్రాణానికీ ఆరోగ్యానికీ పెద్ద హాని చేసేంత ప్రవర్తన ఉండాలి. లేదంటే డబ్బూ ఆస్తీ తెమ్మని వేధించి ఉండాలి. తాగొచ్చి ఆదివారం ఆదివారం చెంప మీద కొట్టేవాడు, జీతం మొత్తం లాక్కునేవాడు, ఫోన్ పగలగొట్టేవాడు ఇందులో సూటిగా ఇమడడు. అందుకే మన స్టేషన్లలో రాసే ఫిర్యాదులన్నీ ఒకే చేతిరాతలా ఉంటాయి: "అదనపు కట్నం తెమ్మని శారీరకంగా, మానసికంగా వేధించి..." జరిగింది నిజంగా దెబ్బలే అయినా, కట్నం మాట లేకపోతే కేసు నిలవదన్న భయంతో ఎవరో ఒకరు ఆ వాక్యం రాయిస్తారు. కింద అత్త, మామ, ఆడపడుచు, ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న మరిది పేర్లు. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేస్తూ, ఆధారాలు లేకుండా భర్త బంధువులందరినీ ఇరికించే ధోరణిని గట్టిగానే తప్పుపట్టింది. కోర్టుకు చిరాకు రావడం అర్థం చేసుకోగలను. ఆ ధోరణి ఎలా పుట్టిందో కూడా అర్థం చేసుకోవాలి కదా.

ఇక లోపలేయడం గురించి. 2014లో సుప్రీంకోర్టు ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని చెప్పింది. ఆ తీర్పు వచ్చింది 498ఏ కేసులోనే. అప్పటి నుంచి 41ఏ నోటీసు, అంటే పిలిచినప్పుడు విచారణకు రావాలనే కాగితం ఇచ్చి పంపేయడమే ఎక్కువ. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దాని సెక్షన్ నంబర్ మారింది, పద్ధతి అదే. అంటే పొద్దున కేసు పెడితే, నోటీసు తీసుకున్న మనిషి సాయంత్రానికి అదే ఇంటికి, అదే గదికి, ఇంకా ఎక్కువ కోపంతో వస్తాడు. అతన్ని ఆ గుమ్మం తొక్కొద్దనే మాట ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడా ఉండదు. ఆమె ఆ రాత్రే పుట్టింటికి బస్సెక్కుతుంది. ఇల్లు అతనిది అయిపోతుంది.

కేసు నడిచేకొద్దీ అది బేరానికి పనికొచ్చే వస్తువుగా మారుతుంది. విడాకులకు ఒప్పుకుని ఇంత డబ్బిస్తే రాజీ అంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే రాష్ట్ర సవరణ తెచ్చి, కోర్టు అనుమతితో 498ఏని రాజీ చేసుకోగల నేరంగా మార్చింది. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఆ వీలు లేక హైకోర్టుకు పరిగెత్తాల్సి వచ్చేది. ఆ సవరణ మంచిదే అంటాను, చాలామందికి ఏళ్ల తరబడి తిరిగే బాధ తప్పింది. కానీ శిక్ష కోసం మొదలుపెట్టిన కేసు చాలాసార్లు ఖర్చులకూ భరణానికీ బేరంగా ముగుస్తుంది. అదే కావాలంటే నేరుగా అడిగే దారి పక్కనే ఉంది.

ఆ పక్క దారి డీవీసీ. ఇందులో హింస అంటే దెబ్బలు ఒక్కటే కాదు. లైంగిక హింస, బూతులు, అవమానాలు, ఇంటి ఖర్చులకు డబ్బివ్వకపోవడం, ఆమె నగలు తాకట్టు పెట్టేయడం కూడా హింసే. కట్నం మాట ఎత్తకుండానే జరిగింది జరిగినట్టు రాయొచ్చు. పెళ్లి చేసుకున్న భార్యే కానక్కర్లేదు. తల్లి కొడుకు మీద వేయొచ్చు, చెల్లెలు అన్న మీద వేయొచ్చు, పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్న స్త్రీ కూడా వేయొచ్చు. ఆమె ప్రస్తుతం తలదాచుకున్న ఊళ్లోని మేజిస్ట్రేట్ కోర్టులోనే వేసుకోవచ్చు. పుట్టింట్లో ఉంటే పుట్టింటి ఊళ్లో, హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తుంటే ఆ ఊళ్లో.

అడగగలిగేవి చూస్తే తేడా తెలుస్తుంది. 18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు: కొట్టకూడదు, ఆమె పనిచేసే చోటికి రాకూడదు, పిల్లల బడి దగ్గరికి వెళ్లకూడదు, ఫోన్లో సతాయించకూడదు, ఆమె స్త్రీధనాన్నీ బ్యాంకు లాకర్నీ ముట్టుకోకూడదు. 19 కింద నివాస ఉత్తర్వు: ఆమెను ఇంట్లోంచి గెంటకూడదు, అవసరమైతే అతనే బయటికి వెళ్లాలి, లేదా వేరే ఇంటికి అద్దె కట్టాలి. ఇంటి పత్రాలు ఎవరి పేరున ఉన్నాయన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఇల్లు అత్తమామలదైతే కోడలికి హక్కు లేదని 2006లో వచ్చిన ఒక తీర్పు చాలామందిని రోడ్డున పడేసింది. 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టే దాన్ని తప్పని తేల్చి, కాపురం చేసిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా అందులో ఉండే హక్కు అడగొచ్చని చెప్పింది. దీనికి తోడు భరణం, వైద్యం ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ, నష్టపరిహారం. అన్నీ ఒకే పిటిషన్‌లో.

అత్యవసరమైతే అవతలివాళ్లు రాకముందే, ఆమె అఫిడవిట్ చూసి మేజిస్ట్రేట్ ఎక్స్‌పార్టీ ఉత్తర్వు ఇవ్వొచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే అది అప్పుడు నేరం. ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, నాన్ బెయిలబుల్ కూడా. క్రిమినల్ చట్టం ఇక్కడ ముందు వరుసలో కాకుండా కాపలాదారులా వెనక నిలబడి ఉంటుంది. ఈ పనిలో అది ఉండాల్సిన చోటు అదే అనిపిస్తుంది నాకు.

ఇంత మేలున్నదాన్ని అందరూ ఎందుకు పట్టుకోరు? ఎందుకంటే కాగితం మీద ఉన్న చట్టానికీ వాయిదాల్లో నడిచే చట్టానికీ చాలా దూరం. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. నోటీసును రక్షణాధికారి, అంటే ఈ చట్టం కింద బాధితురాలికి తోడ్పడటానికి ప్రభుత్వం నియమించే అధికారి, రెండు రోజుల్లో అందజేయాలి. నేను చూసిన కేసుల్లో నోటీసు అందడమే ఒక పెద్ద కథ. "ఇంటికి తాళం" అని తిరిగొస్తుంది, "చిరునామా మారింది" అని తిరిగొస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారుల మీదే ఈ రక్షణాధికారి బాధ్యత పెట్టారు. అంగన్వాడీలు, పౌష్టికాహారం, బాల్యవివాహాలు అన్నీ చూసే మనిషికి ఇదొక అదనపు ఫైలు. పరిస్థితి ఇక్కడే కాదు, దేశమంతా ఇంతే కాబట్టి 2025 మేలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణాధికారులను గుర్తించి నియమించమని రాష్ట్రాలకు గడువు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది. చట్టం అమల్లోకి వచ్చిన పద్దెనిమిదేళ్లకు.

ఇంకో చిక్కు స్టేషన్లో. ఉత్తర్వు కాపీ పట్టుకెళ్తే "ఇది సివిల్ మేటరమ్మా, కోర్టులో చూసుకో" అనే మాట వినని డీవీసీ వకీలు ఉండడు. అందుకే పిటిషన్ రాసేటప్పుడే ఉత్తర్వును అమలు చేయడంలో ఆమెకు తోడ్పడమని ఫలానా స్టేషన్ అధికారిని ఆదేశించాలని అడగాలి. కోర్టు అలా ఆదేశించే అధికారం 19వ సెక్షన్లోనే ఉంది. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

న్యూజెర్సీలో ఉండే ఒక బంధువుల అమ్మాయి తన కేసు గురించి చెప్పినప్పుడు నాకు కొంచెం అసూయ కలిగింది. అక్కడ 1991 నాటి రాష్ట్ర చట్టం ఉంది. ముందు తాత్కాలిక ఉత్తర్వు ఇస్తారు, పది రోజుల్లో తుది విచారణ పెడతారు. తుది ఉత్తర్వు కోర్టు రద్దు చేసేదాకా ఉంటుంది. మన చట్టంలోనూ ఉత్తర్వు ఆమె వద్దనేదాకా ఉంటుంది, అందులో మనం తక్కువేం కాదు. తేడా అంతా గస్తీ తిరిగే పోలీసుకు ఆ ఉత్తర్వు తన పనే అన్న ఎరుక ఉండటంలో.

మూడో దారిగా కొందరు స్టేషన్ కౌన్సెలింగ్, తహసీల్దార్ ముందు బైండోవర్ చేయించడం, అంటే ఇక గొడవ చేయనని పూచీ రాయించడం చెబుతారు. గొడవ మొదటిసారైతే, మనిషి భయస్తుడైతే పనిచేస్తుంది. ఇల్లూ, డబ్బూ, పిల్లలూ అందులోకి రావు కాబట్టి ఎక్కువ చెప్పడానికేం లేదు.

ఇక రాష్ట్రాలు కొత్తగా తేవాలనుకున్న చట్టాల సంగతి. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ డిసెంబర్ 13న దిశ బిల్లు ఆమోదించింది. తిరుగులేని ఆధారాలున్న అత్యాచారం కేసుల్లో వారంలో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మరణశిక్ష. మహారాష్ట్ర శక్తి బిల్లు తెచ్చింది, 2021 డిసెంబర్‌లో ఆమోదించింది. పశ్చిమ బెంగాల్ 2024 సెప్టెంబర్ 3న అపరాజిత బిల్లు ఆమోదించింది. కేంద్ర చట్టాలను మార్చేవి కాబట్టి వీటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. మూడింటిలో ఏదీ చట్టంగా అమల్లోకి రాలేదు. వచ్చినా, 21 రోజుల్లో ఫోరెన్సిక్ రిపోర్టు చేతికొచ్చే ల్యాబులు ఎన్ని ఉన్నాయన్నది వేరే ప్రశ్న.

ఆ బిల్లులు పుట్టిన కోపం అబద్ధం కాదు. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో తెలంగాణలో వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింస చూశామని చెప్పారు. వీళ్లకు ఆ బిల్లుల్లో ఉన్నది చాలా తక్కువ. రాష్ట్రం నిజంగా సవరణ తేవాలనుకుంటే, నివాస ఉత్తర్వునూ భరణం ఉత్తర్వునూ మీరడం కూడా నేరమేనని గృహహింస చట్టం 31వ సెక్షన్‌లో స్పష్టంగా రాయొచ్చు. ఇప్పుడు దాని మీద కోర్టుకొక మాట నడుస్తోంది. రక్షణాధికారి పోస్టును విడిగా సృష్టించడానికి బిల్లు కూడా అక్కర్లేదు, జీవో చాలు. దీనికి టీవీలో చర్చ జరగదు, అదే దీని దురదృష్టం.

నా లెక్క ఇది. ప్రాణం మీదికొస్తే, గొంతు నులిమినా, కాల్చబోయినా, ఎముక విరిగినా, తెల్లారేదాకా ఆగకుండా క్రిమినల్ కేసే పెట్టాలి. ఆసుపత్రిలో దెబ్బ ఎలా తగిలిందంటే "బాత్రూమ్‌లో జారాను" అని చెప్పొద్దు, మెడికో లీగల్ రికార్డులో పడే మొదటి మాటే చివరిదాకా నిలుస్తుంది. కట్నం వేధింపులకు సాక్ష్యాలు, మెసేజులు చేతిలో ఉంటే 85 (పాత 498ఏ) కింద వెళ్లొచ్చు, కానీ కొట్టినవాళ్ల పేర్లే రాయాలి. మిగతా అన్నిటికీ, అంటే రోజూ చెట్టు కిందికొచ్చే పదిమందిలో ఎక్కువమందికి, ముందు డీవీసీ. ఒకటి వేస్తే రెండోది వేయకూడదనేం లేదు, రెండూ నడుస్తాయి. వకీలు ఫీజు టెన్షన్ పడక్కర్లేదు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయొచ్చు.

కిందటేడు ఒకామెకు మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది. నెల తర్వాత ఆఫీసుకొచ్చి సంచిలోంచి తీసి చూపించింది. సర్టిఫైడ్ కాపీని లామినేషన్ చేయించి పెట్టుకుంది. "ఇలా చేస్తే పై కోర్టులో పెట్టడానికి పనికిరాదమ్మా" అని కసిరాను. ఆమె నవ్వి, "పై కోర్టుకు మీరింకోటి తీసుకోండి సార్, ఇది ఫ్రిజ్ మీద పెట్టేది" అంది. మొన్న శనివారం రాత్రి అతను వచ్చి తలుపు కొట్టాడట. కిటికీలోంచి దాన్ని చూపించి, స్టేషన్‌కి ఫోన్ చేసిందట. కానిస్టేబుల్ వచ్చేలోపే వెళ్లిపోయాడట.