చీమకుర్తి రాతి దుమ్ములో బీగల్‌బోన్ బ్లాక్: నాలుగేళ్ల వాడకం

చీమకుర్తిలో గ్రానైట్ పలకలు కోసే యంత్రానికి బీగల్‌బోన్ బ్లాక్ అనే ఈ చిన్న కంప్యూటర్ బోర్డు బిగించి నాలుగేళ్లు దాటింది. బ్లేడు పక్కకు ఎంత జరిగిందో ఎన్‌కోడర్ (కదలికను విద్యుత్ పల్సులుగా మార్చే పరికరం) ఇచ్చే పల్సులను బట్టి లెక్కపెట్టడం దీని పని. మిల్లీమీటరుకు 25 పల్సులు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే ప్రధాన ప్రాసెసర్ స్క్రీను గీస్తూనో ఫైలు రాస్తూనో ఉంటే పల్సులు దాటిపోతాయి. అందుకే అదే చిప్‌లో విడిగా నడిచే పీఆర్‌యూ అనే చిన్న ప్రాసెసర్‌కు ఆ పని అప్పగించాను. దాని వేగం 200 మెగాహెర్ట్జ్, మామూలు ఆదేశానికి పట్టేది 5 నానోసెకన్లు. లెక్కలో అది నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

కష్టమంతా ఆ లెక్కను లినక్స్ వైపు చేర్చడంలోనే. మొదట్లో నూరు పల్సులకొకసారి పీఆర్‌యూ ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) ఇచ్చేది, ఇవతలి ప్రోగ్రాం ఇంటరప్ట్‌లు లెక్కపెట్టుకునేది. ఒకరోజు ఆపరేటర్ టేపు పెట్టి, "సార్, స్క్రీను మీద 600 ఉంది, రాయి 604 వచ్చింది" అన్నాడు. తర్వాత కూడా తేడా వస్తే 4 మిల్లీమీటర్లు, లేదంటే 8. మూడూ అయిదూ ఎన్నడూ రాలేదు. అక్కడే దొరికింది: నూరు పల్సులంటే సరిగ్గా 4 మిల్లీమీటర్లు! ఇంటరప్ట్ ఒక జెండా మాత్రమే. దించేలోపు రెండోసారి ఎత్తినా కనిపించేది ఒక్క జెండానే.

ఇప్పుడు మొత్తం లెక్క 12 కిలోబైట్ల ఉమ్మడి మెమరీలో ఉంటుంది, ఇంటరప్ట్ వచ్చి చూడమని పిలుస్తుంది, అంతే. వరుస కూడా ముఖ్యం. ముందు ఈవెంట్‌ను, అంటే ఎత్తిన ఆ జెండాను చెరిపి, తర్వాత హోస్ట్ ఇంటరప్ట్‌ను, అంటే లినక్స్ వైపు పిలుపు వచ్చే దారిని తిరిగి తెరిచి, ఆ పైనే మెమరీ చదవాలి. చెరపకముందే తెరిస్తే ఒకే ఇంటరప్ట్ రెండుసార్లు వస్తుంది. చదివాక చెరిపితే మధ్యలో వచ్చిన పిలుపు పోతుంది.

కొత్తవారిని తికమకపెట్టేది ఆర్31 రిజిస్టర్, అంటే ఈవెంట్ పంపడానికి పీఆర్‌యూ అంకె రాసే గడి. అందులో 35 రాస్తే పుట్టేది 19వ ఈవెంట్. 35లో 32 అనేది పంపమనే బిట్, మిగిలిన 3కు 16 కలపాలి. ఈ ఒక్క ముక్క తెలియక రెండు వారాలు పోగొట్టుకున్నాను.

పిన్నులు 3.3 వోల్టులకే, కాబట్టి 24 వోల్టుల ఎన్‌కోడర్‌కు ఆప్టోకప్లర్ (సంకేతాన్ని కాంతి ద్వారా దాటించి రెండు వైపుల వోల్టేజీలను వేరుగా ఉంచే భాగం) తప్పనిసరి. దుమ్ముకు మూతబిగిసిన పెట్టె కావాలి. బ్లేడును ఆపే లిమిట్ స్విచ్‌ను మాత్రం లినక్స్ ద్వారా కాకుండా పీఆర్‌యూకే కలపండి. లినక్స్ ఎప్పుడు పలుకుతుందో చెప్పలేం, అక్కడ మనుషుల చేతులుంటాయి.

రెండో యంత్రానికీ ఇదే బోర్డు తెప్పించాను.