ఎస్‌బీఎస్ పాలిమర్ తారు: పగుళ్లకు మంచి మందే, కాచేటప్పుడే జాగ్రత్త

నెల్లూరు–ఒంగోలు ఎండలకు, హైవే లారీల బరువుకు ఎస్‌బీఎస్ (స్టైరీన్–బ్యూటాడైన్–స్టైరీన్ అనే రబ్బరులాంటి పాలిమర్) కలిపిన తారునే గట్టిగా సిఫారసు చేస్తాం. పాలిమర్ కలపని మామూలు రోడ్డు తారు రకం వీజీ-30 ఎండి పెళుసుబారుతుంది. ఎస్‌బీఎస్ 3 నుంచి 5 శాతం పడితే తారులో రబ్బరు వలలా అల్లుకుని, సాగినా వెనక్కొస్తుంది.

ట్యాంకర్ రాగానే శాంపిల్ తీయండి. 15 డిగ్రీల నీళ్లలో తారు దారాన్ని 10 సెంటీమీటర్లు సాగదీసి, మధ్యకు కత్తిరించి, గంట తర్వాత ఎంత వెనక్కొచ్చిందో కొలవండి. ఆ తారు రకానికి నిర్దేశించిన శాతం వెనక్కి రాకపోతే లోడు తిప్పి పంపడమే మేలు.

అసలు సంగతి మిక్స్ (తారు, కంకర కలిపిన మిశ్రమం) పరీక్షలో తెలుస్తుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 62 మిల్లీమీటర్ల మందం, 7 శాతం గాలి ఖాళీలున్న బిళ్లను 25 డిగ్రీల దగ్గర నిమిషానికి 50 మిల్లీమీటర్ల వేగంతో నొక్కాలి. చాలామంది గరిష్ఠ బరువు చూసి మురిసిపోతారు. చూడాల్సింది బరువు గ్రాఫులో ఆ గరిష్ఠం తర్వాతి గీత: నిట్టనిలువునా పడితే పెళుసు, వాలుగా దిగితే పగులు నెమ్మదిగా పాకుతుందన్నమాట.

లోపం నిల్వలో ఉంది. కలియబెట్టకపోతే పాలిమర్ పైకి తేలుతుంది. తారును నిలువు గొట్టంలో 163 డిగ్రీల దగ్గర 48 గంటలుంచి, పైభాగం, అడుగుభాగం మెత్తబడే ఉష్ణోగ్రతలు పోల్చండి. తేడా 3 డిగ్రీలు దాటితే వద్దు. అతిగా కాచినా పాలిమర్ గొలుసులు తెగి, పెట్టిన డబ్బు దండగ.

ప్రకాశం నల్లరేగడి ఉబ్బి, కుంగి తెచ్చే పగుళ్లను మాత్రం ఇది ఆపలేదు. అక్కడ ముందు సబ్‌గ్రేడ్‌లో (రోడ్డు పొరల కింది నేలలో) సున్నం కలిపి నేలను గట్టిపరచాలి.