ఫ్లోర్‌కి ఐదు స్టార్లు, స్కోరు షీటుకి ఒకటి

మా అమ్మాయి ఆల్‌స్టార్ చీర్‌లో, అంటే జిమ్‌ల తరఫున టీములుగా పోటీపడే చీర్‌లీడింగ్‌లో, బ్యాక్‌స్పాట్. పైకి ఎత్తిన పిల్ల వెనకాల నిలబడి, ఆమె చీలమండలు పట్టుకుని, పడితే తల నేలకి తగలకుండా ఆపే మనిషి అన్నమాట. ఫొటోల్లో దాదాపు కనపడదు. జూనియర్ వయసు విభాగం, కష్టాన్ని బట్టి ఉండే లెవెల్స్‌లో 3, ఇది మూడో సీజన్. ఈ మధ్య మేము వెళ్ళిన రెండు రోజుల పోటీ గురించి ఈ రివ్యూ. నిర్వాహకుల పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం వాళ్ళ ఒక్కళ్ళదే కాదు, ఈ ఆటలో చాలాచోట్ల ఉన్నదే. మొదటిసారి పిల్లల్ని ఇలాంటి పోటీకి తీసుకెళ్ళే తల్లిదండ్రులకి అక్కడ ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

బాగున్నవి ముందు చెప్తాను, ఎందుకంటే అవి నిజంగా బాగున్నాయి. స్ప్రింగ్ ఫ్లోర్ కొత్తది. తొమ్మిది ప్యానెళ్ళు, 54 అడుగుల వెడల్పు, 42 అడుగుల లోతు, ఎక్కడా అతుకు లేవలేదు. టంబ్లింగ్, అంటే పల్టీలు, చేసే పిల్లల తల్లిదండ్రులకి ఆ అతుకుల భయం ఎలాంటిదో తెలుసు. వార్మప్‌లో ప్రతి టీమ్‌కీ చెప్పినన్ని నిమిషాలూ ఇచ్చారు, ఒక్కళ్ళని కూడా తొందరపెట్టలేదు. ఫ్లోర్ పక్కనే వైద్య సిబ్బంది ఉన్నారు. లైవ్ వీడియో ఎక్కడా ఆగలేదు, ఊళ్ళో ఉండిపోయిన మా వారు మొత్తం చూడగలిగారు. షెడ్యూల్ రెండు రోజులూ పది నిమిషాలకి మించి ఆలస్యం కాలేదు. ఇంతమంది పిల్లలున్న చోట అది చిన్న విషయం కాదు.

ఇక బహుమతుల కార్యక్రమం. మా విభాగంలో పదకొండు టీములు. పిల్లలంతా ఫ్లోర్ మీద గుండ్రంగా కూర్చుని చేతులు పట్టుకున్నారు. ఐదో స్థానం నుంచి పిలవడం మొదలుపెట్టారు. మాది నాలుగు. రెండు రోజులూ మా టీమ్ హిట్ జీరో, అంటే రెండు నిమిషాల ముప్ఫై సెకన్ల రొటీన్‌లో ఒక్క డిడక్షన్ (తప్పుకి మార్కుల కోత) కూడా లేదు. మొదటి స్థానం వచ్చిన టీమ్‌లో రెండో రోజు ఒక స్టంట్, అంటే ఒక పిల్లని పైకి ఎత్తి నిలబెట్టేది, మొత్తం కిందకి వచ్చేసింది. హాల్లో అందరం చూశాం, అందరం ఒక్కసారి ఊపిరి బిగపట్టాం. ఆ పోటీలో రెండో రోజుకి 75 శాతం వెయిటేజీ, మొదటి రోజుకి 25. మరి పడిన టీమ్ మొదటిది ఎలా అయింది, పడని టీమ్ నాలుగోది ఎలా అయింది?

దీనికి జవాబు ఉంది, ఆ రోజు జడ్జీల దగ్గర కాగితాల మీద ఉంది. మాకు మాత్రం ఇవ్వలేదు. వాళ్ళ యాప్‌లో స్థానం తప్ప ఇంకేమీ లేదు. మొత్తం స్కోరు లేదు, స్టంట్లకి ఎంత, డాన్స్‌కి ఎంత అనే అంశాల వారీ మార్కులు లేవు, డిడక్షన్లు లేవు. షీటు కోచ్‌కి మాత్రమే వెళ్తుంది, అది కూడా తన టీమ్‌ది మాత్రమే. పరీక్ష రాయించి, ర్యాంకు చెప్పి, మార్కుల మెమో ఇవ్వనట్టు.

కారులో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు చేరే ముందు అడిగింది. "అమ్మా, నా వల్లా?"

రెండో రోజు పిరమిడ్‌లో, అంటే ఎత్తిన పిల్లలు పైన ఒకరినొకరు పట్టుకునే చోట, తన చెయ్యి ఒక్క క్షణం జారిందట. పైనున్న పిల్ల కొంచెం ఊగి నిలబడింది. డిడక్షన్ పడలేదు. కానీ మార్కులు అక్కడే పోయాయని తను తేల్చేసుకుంది. "కాదమ్మా" అన్నాను. ఆ మాట అనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, అది తనకీ తెలుసు. ఆ రాత్రి పేరెంట్స్ గ్రూపులో ఒకరు జడ్జీలు పెద్ద జిమ్‌ల పేరు చూసి మార్కులు వేస్తారన్నారు, ఇంకొకరు డాన్స్ బాగా రాలేదన్నారు, మరొకరు ఒక పిల్ల పేరు పెట్టి ఆమె జంప్‌ల గురించి రాశారు. ఒక్కరి చేతిలోనూ అంకె లేదు. అంకె లేని చోట పుకారు ఎంత వేగంగా మొలుస్తుందో, ఎవరి పిల్ల మీదకి వెళ్ళి ఆగుతుందో నేను ఆ రాత్రి చూశాను.

మంగళవారం ప్రాక్టీస్‌లో కోచ్ పిల్లల్ని కూర్చోబెట్టి షీటు చూపించారు. పిరమిడ్ ఎగ్జిక్యూషన్‌కి, అంటే ఎంత శుభ్రంగా చేశారన్న దానికి, దాదాపు పూర్తి మార్కులు. తగ్గింది స్టంట్ డిఫికల్టీలో, అంటే ఎంత కష్టమైనవి చేశారన్న దానిలో. లెవెల్ 3లో ఉన్న కష్టమైన స్టంట్లు మా రొటీన్‌లోనూ ఉన్నాయి, కానీ వాటిని ఎక్కువ స్టంట్ గ్రూపులు, అంటే ఒకరిని ఎత్తే చిన్న జట్లు, ఒకేసారి చెయ్యాలి. మా దగ్గర ఒక గ్రూపు తక్కువ చేసింది. డిఫికల్టీ మార్కు ఏ పరిధిలో పడాలనేది ఎంత కష్టమైనది చేశారన్న దాన్ని బట్టే కాదు, ఎంతమంది చేశారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. కొరియోగ్రఫీలో సీజన్ మొదట్లో తీసుకున్న నిర్ణయం అది, పిల్లలెవరి తప్పూ కాదు. మా అమ్మాయి ఇంటికొచ్చి ఆ వారంలో మొదటిసారి అన్నం తిన్నట్టు తింది. మూడు రోజులు మోసిన బరువు ఒక్క అంకెతో దిగింది. ఆ అంకె ఆదివారం సాయంత్రమే సిద్ధంగా ఉంది.

మొదటి టీమ్ సంగతి అడిగితే కోచ్, "వాళ్ళు ఎక్కువ డిఫికల్టీతో మొదలుపెట్టారు, పడినా ఆ తేడా మిగిలి ఉంటుంది" అన్నారు. "ఉంటుంది" అనే మాట దగ్గరే నాకు ఇబ్బంది. ఆవిడ ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నారు, ఆవిడ కూడా ఊహించాల్సిందే.

తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. ఆల్‌స్టార్ చీర్‌లో మార్కులు అభిప్రాయం మీద వేసేవి కావు, కనీసం కాగితం మీద కావు. స్టంట్లు, పిరమిడ్, పైకి విసిరి పట్టుకునే టాస్‌లు ఒకవైపు, నిలబడి చేసే టంబ్లింగ్, పరుగెత్తి చేసే టంబ్లింగ్, జంప్‌లు ఒకవైపు, డాన్స్, రొటీన్ అల్లిక, ప్రదర్శన ఇంకోవైపు. చాలావాటికి ఎంత కష్టం అన్నది వేరు, ఎంత శుభ్రంగా చేశారన్నది వేరు. పడితే, తడబడితే, నియమం దాటితే డిడక్షన్లు విడిగా. ఇంత వివరంగా లెక్క కట్టే ఆట అది. అంత లెక్కా కట్టి చివర్లో కాగితం మడిచి పెట్టేస్తే ఆ వివరం ఎవరి కోసం?

వేరే ఆటలు ఈ దారిలో నడిచి వచ్చినవే. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ జంటల పోటీలో రష్యా జంటకి స్వర్ణం ఇచ్చారు. తన మీద ఒత్తిడి వచ్చిందని ఫ్రాన్స్ జడ్జి చెప్పడంతో పెద్ద గొడవై, కెనడా జంటకి రెండో స్వర్ణం ఇవ్వాల్సి వచ్చింది. తరువాత 2004లో కొత్త స్కోరింగ్ పద్ధతి తెచ్చారు. కానీ ఏ మార్కు ఏ జడ్జి వేశారో తెలియకుండా దాచారు, జడ్జీల మీద ఒత్తిడి తగ్గుతుందని. చివరికి 2016లో ఆ దాపరికాన్ని తీసేశారు. ఇప్పుడు పోటీ అయిన వెంటనే ప్రతి జంప్‌కీ, ప్రతి స్పిన్‌కీ ఒక్కొక్క జడ్జి ఎంత ఇచ్చారో ఎవరైనా చదువుకోవచ్చు. దాచి చూశారు, పనికిరాలేదు, తెరిచారు. మా చీర్ సంగతికి వస్తే, ఈ ఆట అంతర్జాతీయ సంస్థ అయిన ఇంటర్నేషనల్ చీర్ యూనియన్‌కి 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఆ వరుసలో నిలబడాలనుకునే ఆట మార్కులు చూపించడానికి వెనకాడకూడదు.

నా మాటకి అడ్డొచ్చేది కూడా నేనే చెప్తాను. 2024 పారిస్ జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ ఫైనల్ గుర్తుందా? అమెరికా జిమ్నాస్ట్ జోర్డాన్ చైల్స్ స్కోరు 13.666. ఆమె కోచ్ డిఫికల్టీ మీద అభ్యంతరం చెప్పాక 13.766 అయి కాంస్యం వచ్చింది. ఆ అభ్యంతరం ఒక్క నిమిషం గడువు దాటి నాలుగు సెకన్లకి వచ్చిందని క్రీడా న్యాయస్థానం తేల్చింది, పతకం రొమేనియా అమ్మాయి ఆనా బర్బోసుకి వెళ్ళింది. అంకెలన్నీ బయట ఉన్నాయి కాబట్టే ఆ వాదన జరిగింది. కానీ ఆ అంకెలు పట్టుకునే జనం ఆన్‌లైన్‌లో ఇద్దరమ్మాయిల మీదా పడ్డారు, నోటికొచ్చిందల్లా అన్నారు. వాళ్ళు ఒలింపిక్ క్రీడాకారిణులు. మావాళ్ళు పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు.

ఇది ఊరికే అనడం లేదు. ఇదే సీజన్‌లో మేము వెళ్ళిన ఇంకో చిన్న పోటీలో, బహుమతులైన గంటకి అన్ని టీముల మొత్తం స్కోర్లూ, డిడక్షన్లూ ఫోన్లో చూసుకునేలా పెట్టారు. మా గ్రూపులో ఆ రాత్రి పుకార్లు లేవు, నిజంగా ఒక్కటి కూడా లేదు. అయితే ఇద్దరు తండ్రులు చివరి స్థానం వచ్చిన టీమ్ డిడక్షన్ల స్క్రీన్‌షాట్ తీసి నవ్వుతూ పెట్టారు. నాకు చాలా బాధేసింది. తీసెయ్యమని అడిగాను, తీసేశారు. ఆ టీమ్ పిల్లల్లో ఎవరైనా చూసి ఉంటారేమోనన్న భయం మాత్రం నాకు పోలేదు.

అయినా నేను తెరవమనే అంటాను. పడిన పిల్లని హాలంతా చూస్తుంది, లైవ్‌లో చుట్టాలు చూస్తారు, వీడియో ఎప్పటికీ ఉంటుంది. స్కోరు దాచడం వల్ల ఆ పిల్ల పడడం దాగదు. ఆ పడడానికి ఎంత పోయింది అన్నదే దాగుతుంది. అప్పుడు అందరూ మొత్తం ఓటమిని ఆ పిల్ల ఖాతాలో రాసేస్తారు. నిజానికి చాలాసార్లు పడడం వల్ల పోయింది తక్కువ, జంప్‌ల్లోనో డిఫికల్టీలోనో పోయింది ఎక్కువ. అది తెలిస్తే ఆ పిల్ల తల ఎత్తుకుంటుంది.

కొన్ని హద్దులు ఉండాలి. షీటులో పిల్లల పేర్లు ఎక్కడా రాకూడదు. బహుమతులు ఇచ్చాకే పెట్టాలి, కూర్చుని ఎదురు చూస్తున్న పిల్లల ముందు తెర మీద అంకెలు తిప్పకూడదు. ఐదారేళ్ళ చిన్నారుల విభాగాల్లో నాకు అంశాల వారీ మార్కులు కూడా అక్కర్లేదు, వాళ్ళకి రిబ్బన్ చాలు. జూనియర్ నుంచి పైకి మాత్రం అన్ని టీములవీ అంశాల వారీ మార్కులు, డిడక్షన్లు, ఒక్కో జడ్జి వేసిన మార్కు కనిపించాలి. జడ్జీల మీద అనుమానంతో కాదు. ఆ గదిలో రెండు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా కళ్ళు తిప్పకుండా కూర్చున్న వాళ్ళని నేను చూశాను. పెద్ద జిమ్ పేరు చూసి వేశారని గ్రూపులో రాసిన మాటకి వాళ్ళ తరఫున జవాబు చెప్పగలిగేది వాళ్ళ కాగితమే.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్ద పోటీలకి బిడ్‌లు, అంటే వెళ్ళడానికి ఆహ్వానాలు, ఇలాంటి చోటే ఇస్తారు, కొన్నిటికి ఖర్చులు పూర్తిగా ఇచ్చేవాళ్ళే భరిస్తారు, కొన్ని ఊరికే అర్హత. మా పోటీలో బిడ్ ఏ టీమ్‌కి ఎందుకు వచ్చిందో స్టేజీ మీద ఒక్క వాక్యంలో చెప్పి ముగించారు. విభాగాలు వేరైన టీముల మధ్య పోల్చి ఇచ్చే బిడ్‌కి అసలు స్థానం కూడా ఆధారం కాదు, అంకె ఒక్కటే ఆధారం. ఆ అంకె చూపించకపోతే, గెలిచిన టీమ్ పిల్లల్ని కూడా నలుగురూ అనుమానంగా చూస్తారు. వాళ్ళకి అది అన్యాయం.

రేటింగ్ ఇలా ఇస్తున్నాను. ఫ్లోర్, భద్రత, సమయపాలనకి ఐదుకి ఐదు. లైవ్ వీడియోకి నాలుగున్నర, రెండో రోజు సౌండ్ కొంచెం తగ్గింది. బహుమతుల కార్యక్రమానికి మూడు. స్కోరు సమాచారానికి ఒకటి, అది కూడా కోచ్‌కి షీటు అదే సాయంత్రం పంపినందుకు. మొత్తం మీద మూడు. పిల్లల అనుభవం కోసం అయితే వెళ్ళండి, ఫ్లోర్ మీద వాళ్ళని బాగా చూసుకుంటారు. వెళ్ళే ముందు మీ కోచ్‌తో ఒక మాట అనుకోండి, షీటు వచ్చిన రాత్రే పిల్లలకి చెప్పమని. మంగళవారం దాకా ఆగొద్దు.

నిర్వాహకులకి ఈ విషయాలన్నీ ఉత్తరంగా రాశాను. స్కోర్లు కోచ్‌లకి మాత్రమే ఇవ్వడం తమ విధానం అని మర్యాదగా జవాబు వచ్చింది. ఆ విధానం ఎందుకో చెప్పమని మళ్ళీ రాశాను. ఆ రెండో ఉత్తరంతో పాటు మా అమ్మాయి కూడా తన చేత్తో నాలుగు లైన్లు రాసి ఇచ్చింది, ఫొటో తీసి జత చేశాను. జవాబు వస్తే ఈ రివ్యూ కిందే కలుపుతాను.