జియోమెట్రీ వార్స్: కాల్చడం తేలిక, తప్పించుకోవడమే కష్టం

సుబేదారిలో మా జిరాక్స్ షాపు షట్టర్ దించాక, ప్రింట్లు తీసే కంప్యూటర్‌లోనే జియోమెట్రీ వార్స్: రెట్రో ఎవాల్వ్డ్ ఆడుతున్నా. గేమ్ పాతదే, 2005లో ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ కన్సోల్‌తో పాటు వచ్చింది. కథ లేదు, కబుర్లు లేవు. నల్లటి తెర మీద వెలిగే గళ్లు, అన్ని మూలల నుంచి మీదపడే రంగురంగుల ఆకారాలు. కంట్రోలర్ మీది ఎడమ స్టిక్‌తో మన ఓడను కదపాలి, కుడి స్టిక్‌తో కాల్చాలి, అంతే.

నన్ను ఏడిపించేవి ఆకుపచ్చ చదరాలు. బుల్లెట్ వస్తుంటే పక్కకు తప్పుకుంటాయి! వాటికన్నా ముదురు బ్లాక్ హోల్. ఒక్కసారి దాన్ని కాలిస్తే మన ఓడనే గుంజుకుంటుంది. అలాగే వదిలేస్తే దగ్గరున్నవన్నీ మింగి, చివరికి పేలి, నీలి గుండ్రాల గుంపును మన మీదికి వదులుతుంది. కాల్చినదానికి వచ్చే పాయింట్లు పది రెట్ల దాకా పెరుగుతాయి కానీ చస్తే ఆ రెట్లు మళ్లీ ఒకటి నుంచే.

"అన్నా, ఆ బాంబులు దాసి బ్యాంకుల వేస్తవా?" అంటాడు మా తమ్ముడు. తెర మీదున్నవన్నీ ఒకేసారి పేల్చేసే ఆ బాంబులు మొదట ఇచ్చేవి మూడే మరి, లక్ష పాయింట్లు వస్తేగానీ ఇంకోటి రాదు!

కంట్రోలర్ లేకుంటే మాత్రం కొనకండి. చీకట్లో ఆడితే కళ్లు మండుతాయి, లైటు వేసుకోండి.