రాగి అని అమ్మిన నెట్‌వర్క్ కేబుల్ తుక్కు దుకాణంలో అల్యూమినియం అని తేలింది: కొనేవారు జాగ్రత్త

ఆఫీసుకో, పాఠశాలకో, ఇంటి సీసీ కెమెరాలకో నెట్‌వర్క్ కేబుల్ కొనబోతున్నవారు పెట్టె మీద అచ్చువేసిన ‘ప్యూర్ కాపర్’ అన్న మాటను మాత్రమే నమ్మి డబ్బు చెల్లించవద్దని మనవి. హైదరాబాద్‌లో మా కార్యాలయం వేరే భవనానికి మారినప్పుడు, ఫాల్స్ సీలింగ్ పైనుంచి, గోడల పైపుల్లోంచి లాగి తీసిన పాత క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్‌లో ఒక రకం) కేబుల్‌ను రాగి విలువకు అమ్ముదామని తీసుకెళితే, అందులో పెద్ద భాగం రాగి కాదని, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అని తుక్కు దుకాణంలో బయటపడింది. వ్యాపార భాషలో దీన్ని సీసీఏ అంటారు. కొన్నప్పుడు మేము రాగి కేబులే అడిగాము, రాగి కేబుల్ ధరే చెల్లించాము, అమ్మిన టోకు వ్యాపారి కూడా రాగి అని చెప్పే ఇచ్చారు.

దుకాణం యజమాని చుట్టలోంచి ఒక కొసను లాగి, నీలం తొడుగును గోటితో ఒలిచి, లోపలి తీగను బ్లేడు అంచుతో గీకారు. ఉల్లిపొర లాంటి ఎర్రటి పూత లేచిపోయి, కింద తెల్లటి లోహం కనబడింది. ఆ తర్వాత అదే కొసను లైటర్ మంటలో పెడితే అది మెత్తబడి, వంగి, తెగిపడింది. మరో చుట్టలోని అసలు రాగి తీగ అదే మంటలో ఎర్రగా కాగినా చెక్కుచెదరలేదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతాయి కనుక ఈ తేడా కంటికే తెలుస్తుంది. కొందరు వ్యాపారులు అయస్కాంతం పెట్టి చూపించి, అతుక్కోలేదు కాబట్టి రాగే అని నమ్మబలుకుతారు. అయస్కాంతం ఇనుము వంటి కొన్ని లోహాలను మాత్రమే పట్టిస్తుంది. అల్యూమినియం కూడా దానికి అతుక్కోదు కాబట్టి ఆ పరీక్షకు ఇక్కడ విలువ లేదు. తగరం పూత పూసిన రాగి తీగ పైకి తెల్లగా ఉన్నా గీకితే లోపల ఎర్రగా ఉంటుంది, అది మోసం కాదు.

తూకం లెక్క చూస్తే నష్టం ఎంతో అర్థమవుతుంది. 23 గేజ్ (గేజ్ అంటే తీగ మందానికి కొలత) తీగలతో చేసిన 305 మీటర్ల క్యాట్ 6 పెట్టెలో ఎనిమిది తీగలూ కలిపి ఐదున్నర కిలోలకు పైగా రాగి ఉండాలి. అదే మందంలో, ఘనపరిమాణంలో పది శాతం మాత్రమే రాగి ఉన్న సీసీఏ తీగ అయితే మొత్తం లోహం రెండు కిలోల పైచిలుకు, అందులో రాగి అర కిలో చిల్లర. ఆ పలుచని పూతను అల్యూమినియం నుంచి విడదీయడం ఖర్చుతో కూడిన పని కనుక, తుక్కు వ్యాపారి ఆ కాస్త రాగికి కూడా రాగి ధర ఇవ్వరు. కొనేటప్పుడే పెట్టెను కాటా మీద పెట్టించి, అదే రకానికి తయారీదారు ప్రకటించిన బరువుతో పోల్చి చూడండి. మూడు కిలోలకు పైగా తక్కువ తూగితే ఆ సరుకును అనుమానించవలసిందే. రీలు రెండో కొస అందితే మల్టీమీటర్‌తోనూ తేల్చుకోవచ్చు: ఒక జతలోని రెండు తీగలను ఆ చివర కలిపి, ఈ చివర నిరోధం కొలిస్తే, 305 మీటర్ల 23 గేజ్ రాగికి 40 ఓంలు దాటి కాస్త పైన చూపుతుంది, సీసీఏ అయితే 60 దాటుతుంది.

తుక్కు ధర తగ్గడం ఈ వ్యవహారంలో చిన్న నష్టమే. కేబుల్ వాడుకలో ఉన్నంత కాలం, చీకటి పడి కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే దూరపు కెమెరాలు ఆగిపోయి మళ్లీ మొదలయ్యేవి. కెమెరాలు బిగించినవారు అది నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దోషమన్నారు, స్విచ్ మార్పించారు, అయినా సమస్య పోలేదు. కెమెరాకు కరెంటు కూడా అదే కేబుల్‌లో వెళ్లే పీవోఈ పద్ధతిలో, నిరోధం ఎక్కువైన కొద్దీ వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, కేబుల్ వేడెక్కుతుంది. అల్యూమినియం తీగ రాగి కన్నా తేలిగ్గా విరుగుతుంది కాబట్టి కనెక్టర్ దగ్గర వంచినప్పుడల్లా తెగే ప్రమాదం కూడా ఉంది. నెట్‌వర్క్ కేబుళ్లకు వర్తించే టీఐఏ 568 అనే సాంకేతిక ప్రమాణం ప్రకారం ఈ కేబుళ్లలో వాడవలసింది రాగి తీగే, కనుక సీసీఏను క్యాట్ 6 పేరుతో అమ్మడమే తప్పుడు ప్రకటన.

పాత కేబుల్ అమ్మేవారు ఫోనులో మొత్తానికి ఒకే ధర ఒప్పుకోవద్దు. ఫోనులో ఒక ధర చెప్పి, సరుకు ఆటోలోంచి దిగాక ‘ఇందులో తెల్ల తీగ కలిసింది’ అంటూ మంచి రాగికి కూడా అల్యూమినియం ధర కట్టేవారున్నారు. వెళ్లే ముందే ప్రతి చుట్టనూ గీకి చూసి రాగిని వేరుగా, సీసీఏను వేరుగా కట్టండి. రాగి చుట్టలోంచి పది మీటర్ల ముక్కను తూచి, పూర్తిగా ఒలిచి, లోహాన్ని మళ్లీ తూచితే కిలోకు ఎంత రాగి వస్తుందో మీ చేతిలోనే లెక్క ఉంటుంది, అప్పుడు వారు ఇష్టమొచ్చినట్టు తరుగు తీయలేరు. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ నమోదు లేనివారి దగ్గర లోహపు తుక్కు కొన్నప్పుడు నమోదైన వ్యాపారే రివర్స్ చార్జ్ కింద పన్ను కట్టాలి, కాబట్టి ఇంటి తుక్కు అమ్మేవారి డబ్బులో జీఎస్టీ పేరుతో కోత పెడితే ఒప్పుకోనక్కరలేదు. కాల్చి తెస్తే ఎక్కువ ఇస్తామనే మాట మాత్రం దయచేసి వినకండి. పీవీసీ తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు వెలువడతాయి, వాటిని పీల్చేది ఆ మంట దగ్గర కూర్చున్న మనిషి, పక్కింటి పిల్లలు. పైగా నల్లబడిన రాగికి ధర కూడా తగ్గుతుంది.

కేబుల్ అమ్మిన వ్యాపారిని నిలదీస్తే, బిల్లులో ‘క్యాట్ 6 కేబుల్, 305 మీటర్లు’ అని మాత్రమే ఉందని, రాగి అన్న మాట ఎక్కడా లేదని చెప్పి పంపేశారు. సొంత ఇంటికి కొన్నవారైతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. వాణిజ్య అవసరానికి కొన్నవారిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం సాధారణంగా వినియోగదారులుగా గుర్తించదు కనుక, మా వంటి కార్యాలయాలకు బిల్లులో రాసిన మాటే ఆధారం. ఇప్పుడు మేము ప్రతి కొనుగోలు ఆర్డరులోనూ, బిల్లులోనూ ఈ వాక్యం రాయించుకుంటున్నాము, మీరూ రాయించుకోండి: ‘ఎనిమిది తీగలూ పూర్తిగా రాగి, 23 గేజ్, పూత పూసిన అల్యూమినియం అని తేలితే ఎప్పుడైనా సరుకు వాపసు తీసుకుని పూర్తి మొత్తం చెల్లించబడును.’ ఈ వాక్యం కింద సంతకం చేయడానికి వ్యాపారి వెనకాడితే ఆ సరుకు కొనకండి.